ఇంటి మరమ్మతు: మధ్యలో పెరిగే ధర

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అని మన పెద్దలు అన్నారు. ఇల్లు బాగు చేయించి చూడమని మాత్రం ఎవరూ అనలేదు. మొదటి రెండూ చేసినవానికి ఆ మూడవ కష్టం దానంతట అదే తెలిసివస్తుందని ఊరుకొన్నారు కాబోలు. క్రొత్త ఇల్లు కట్టేటప్పుడు మనిషి మరొక ఇంటిలో ఉంటాడు. పని నాలుగు రోజులు ఆగినా తల దాచుకొనే చోటు ఉంటుంది. మరమ్మతు అట్లా కాదు. మనం ఇంటిలో ఉండగానే కప్పు చెక్కుతారు. పొయ్యి వసారాలోకి పోతుంది. మంచాలు ఒకే గదిలోకి చేరుతవి. అటువంటి సమయంలో మేస్త్రి వచ్చి, అనుకొన్న డబ్బు చాలదు, ఇంకా కావాలంటే గృహస్థు ఏమి చేయవలెను? ఇవ్వనంటే పని ఆగుతుంది. ఇస్తే రేపు మళ్ళీ అడగడన్న నమ్మకం లేదు. ఈ చిక్కును గురించి ఈనాడు కొంచెం ముచ్చటించుకొందాము.

మూడేళ్ళ క్రిందట మా ఇంటిలో జరిగిన సంగతితో ప్రారంభిస్తాను. మా నాన్నగారు కట్టించిన డాబా అది; నలభై ఏళ్ళు దాటినది. వంటింటి పైకప్పు, దాని ప్రక్క గది పైకప్పు లోపలివైపు పెచ్చులు ఊడి, ఇనుప చువ్వలు బయటపడినవి. ఒకనాడు పెచ్చు ఒకటి మా అమ్మగారు కూర్చొన్న పీటకు జానెడు దూరంలో పడినది. ఇక ఆలస్యం చేయరాదని, మే నెలలో ముగ్గురు మేస్త్రీలను పిలిచి అడిగినాను. ఒకరు లక్షా ఇరవై వేలన్నారు. మరొకరు లక్షా పదివేలన్నారు. మూడవ ఆయన ఎనభై ఐదు వేలకే చేస్తానన్నాడు. ఏదో గెలిచినట్లు సంతోషించి, ఆయనకు నలభై వేలు బయానా ఇచ్చి పని మొదలుపెట్టించినాను. కాగితం మీద ఒక్క అక్షరం వ్రాసుకోలేదు.

ఎనిమిదవ రోజుకు రెండు గదుల కప్పూ చెక్కివేసినారు. ఆ సాయంత్రం మేస్త్రి చేతులు తుడుచుకొంటూ వచ్చి, “సార్, గిట్టుబాటు కావటం లేదండి. సిమెంటు పెరిగింది, కూలీ పెరిగింది, చువ్వలు చూస్తే తుప్పు తినేసింది. ఇంకో నలభై వేలు ఇస్తేగాని నావల్ల కాదండి” అన్నాడు. ఋతుపవనాలు కేరళ తీరాన్ని సమీపిస్తున్నవని వార్తలలో చెప్పినది ఆ పూటే, అదీ మా రేడియోలోనే. ఆ సంగతి నాకెంత తెలుసునో మేస్త్రికీ అంతే తెలుసు.

నాకు కోపం వచ్చినది. పని ఆపి పొమ్మందామనుకొన్నాను. మా వీధిలో, ప్రభుత్వ నిర్మాణ శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసిన ఇంజనీరుగారు ఒకరున్నారు. ఆయనను పిలుచుకొని వచ్చినాను. ఆయన మేస్త్రిని కేకలు వేయలేదు, నన్ను ఓదార్చలేదు. ఒక కాగితం తీసుకొని, “నలభై వేలన్నది అంకె. కారణం కాదు. ఏ కారణానికి ఎంతో చెప్పు మేస్త్రీ” అన్నారు.

అప్పుడు లెక్క మొదలైనది. ఇంకా కొనవలసిన సిమెంటు పన్నెండు బస్తాలు. బస్తాకు ముప్పై రూపాయలు పెరిగినదన్నాడు. దుకాణంలో విచారిస్తే నిజమే. పన్నెండు ముప్పైలు మూడువందల అరవై రూపాయలు. కూలీ మాటకు వస్తే, పనిని మొత్తంగా గుత్తకు ఒప్పుకొన్నప్పుడు కూలీ ఎక్కువైనా తక్కువైనా ఆ బాధ్యత గుత్తదారుదే. నాలుగు రోజులు ముందుగా పని ముగిస్తే మిగిలిన కూలీ ఆయన నాకు తిరిగి ఇస్తాడా? ఇక చువ్వలు. ఇంజనీరుగారు స్టూలెక్కి, చిన్న సుత్తితో కప్పు అంతటా తట్టి చూసినారు. గట్టిగా ఉన్నచోట ఖంగుమన్నది. లోపల విడిపోయినచోట బోలుగా మ్రోగినది. మొదట ఎవరమూ చూడని మూలలో సుమారు నలభై చదరపు అడుగుల మేర చువ్వలు నిజంగానే చివికిపోయినవి. క్రొత్త చువ్వలు కలిపి, పూత పూసి, మళ్ళీ పూడ్చటానికి చదరపు అడుగుకు రెండువందల నలభై చొప్పున 9,600 రూపాయలు న్యాయమని ఇద్దరూ ఒప్పుకొన్నారు. మొత్తం 9,960. పదివేలు ఇస్తానని వ్రాసి, ఇద్దరమూ సంతకాలు చేసినాము.

మేస్త్రి కాసేపు ఊరుకొని, “అలా లెక్క వేస్తే అంతేనండి. మొదటే లక్ష చెబితే మీరు పని నాకు ఇచ్చేవారు కాదు గదండీ” అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకొంటూనే ఉన్నది. నలభై వేలలో ముప్పై వేలు అన్యాయం. కాని పదివేలు న్యాయం. కోపంలో ఆ పదివేలు కూడా నేను కాదనబోయినాను. అంతేకాదు, ఆ ముప్పై వేల విత్తనం వేసినది కొంతవరకు నేనే. అందరికంటె తక్కువ చెప్పినవాడు ఎట్లా తక్కువ చేయగలడని నేను అడగలేదు.

ధర పెరగటం దానికదే తప్పు కాదు. లెక్క లేకుండా పెరగటం తప్పు. పని మధ్యలో మన నిస్సహాయతను చూసి పెంచటం మరీ తప్పు. న్యాయమైన పెంపునూ అన్యాయమైన పెంపునూ వేరు చేయగలిగితే సగం చిక్కు విడిపోతుంది.

న్యాయమైన కారణాలు ముఖ్యంగా రెండు. మొదటిది, మనమే అదనంగా పని చెప్పటం. మరమ్మతు జరుగుతుండగా గృహిణి వచ్చి “ఎలాగూ మనుషులున్నారు, ఈ గూడు కూడా మూయించండి” అంటుంది. గృహస్థు “పిట్టగోడకు కూడా ఒక చేయి వేయండి” అంటాడు. ఇవి మనకు కొసరు పనులు. మేస్త్రికి ఇవి పూటలు, బస్తాలు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టంలో 70వ సెక్షను ఈ సంగతే చెబుతుంది. ఉచితంగా చేయాలన్న ఉద్దేశం లేకుండా ఒకరు మరొకరికి న్యాయంగా పని చేసిపెట్టినప్పుడు, దాని ఫలితం అనుభవించినవారు తగిన ప్రతిఫలం ఇవ్వవలెను. రెండవది, పైకి కనబడని లోపం. గోడ విప్పేవరకు లోపలి గొట్టం పగిలినదని తెలియదు; కప్పు చెక్కేవరకు చువ్వ స్థితి తెలియదు. ఇది మేస్త్రి కల్పించినది కాదు. అయితే, అది ఉన్నదని ఆయన చూపవలెను, మనం కన్నులారా చూడవలెను, కొలవవలెను.

సరుకుల ధర పెరిగినదన్న కారణం మూడవది. ఇది అన్నిటికంటె ఎక్కువగా వినబడుతుంది, అన్నిటికంటె తక్కువగా నిలబడుతుంది. ప్రభుత్వ గుత్తలలో కూడా ధరల సూచికను అనుసరించి పెంపు ఇచ్చే నిబంధన సాధారణంగా దీర్ఘకాలం సాగే పనులకే ఉంటుంది. మూడు వారాల ఇంటి మరమ్మతుకు దానిని కోరటంలో అర్థం లేదు. పెరిగినదే అనుకొన్నా, పెరుగుదల మిగిలిన సరుకుకే వర్తిస్తుంది కాని మొత్తం గుత్తకు కాదు. ఇంకొక మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గినది. ఆ రోజులలో మరమ్మతులు చేయించినవారు తమ గుత్తదారు ఎంత తగ్గించినాడో జ్ఞాపకం చేసుకొంటే మంచిది. పెరిగినప్పుడు గుర్తుకు వచ్చే బజారు ధర తగ్గినప్పుడు కూడా గుర్తుకు రావలెను గదా.

ఆపత్కాలం సంగతి వేరుగా చెప్పుకోవలెను. 2024 సెప్టెంబరు మొదటి రోజులలో బుడమేరు వరద విజయవాడలో సింగ్ నగర్ మొదలైన పేటల ఇళ్ళలోకి వచ్చినది. వేల ఇళ్ళలో గోడలు, తలుపులు, విద్యుత్తు తీగెలు ఒకేసారి తడిస్తే, ఉన్న కొద్దిమంది పనివారి కొరకు అందరూ ఒకేసారి పరుగెత్తవలసి వస్తుంది. అప్పుడు ఒంటరిగా బేరమాడేవానికి బలం ఉండదు. ప్రాణాపాయం కలిగించే పని మాత్రం వెంటనే చేయించుకొని, రంగులు, నునుపు పనులు రెండు నెలలు ఆపుకొనటం ఒక మార్గం. వీధిలో పది ఇళ్ళవారు కలిసి ఒక్క మేస్త్రితో ఒకే రేటు మాట్లాడుకొనటం రెండవ మార్గం. పది ఇళ్ళ పని ఒకేచోట దొరికితే మేస్త్రికీ తిరుగుడు తగ్గుతుంది.

ఇక పని ప్రారంభానికి ముందు చేయవలసినవి. ప్రభుత్వ నిర్మాణ శాఖలలో కొలతల పుస్తకమని ఒకటి ఉంటుంది. చేసిన పని కొలిచి అందులో ఎక్కించనిదే బిల్లు చెల్లించరు. ఇంటిలో అంత పెద్ద పుస్తకం అక్కరలేదు. పిల్లల నోటు పుస్తకంలో రెండు పుటలు చాలు. ఒక పుటలో ఏ గదిలో ఏ పని, ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఏ రకం సరుకు, ఎవరు కొనవలెను, ఎన్ని రోజులు, మొత్తం ఎంత అన్నవి వ్రాయవలెను. రెండవ పుట మరీ ముఖ్యం. లోపల ఇంకా లోపం బయటపడితే చదరపు అడుగుకు ఎంత, గొట్టం మార్చవలసి వస్తే అడుగుకు ఎంత అని ముందే రేటు వ్రాసుకోవలెను. కనబడని లోపాన్ని ఎవరూ ముందుగా కొలవలేరు; కాని దాని రేటు ముందుగా నిర్ణయించవచ్చును. కప్పు విప్పక ముందు కుదిరిన రేటు ఇద్దరికీ న్యాయంగా ఉంటుంది. విప్పిన తరువాత కుదిరే రేటు అవసరం ఎక్కువైనవాని మెడకు చుట్టుకొంటుంది.

కొలతలలో కూడా వివాదాలు వస్తవి. పన్నెండడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు గల గోడ 120 చదరపు అడుగులు. అందులో తలుపు ఉంటే దాని వైశాల్యం తీసివేయవలెనా? గోడకు రెండువైపులా ఒకే రకం ప్లాస్టరింగు చేసినప్పుడు, మామూలు తలుపు, కిటికీల వంటి వాటికి ఒకవైపు మాత్రమే తీసివేసి, రెండవవైపు వదలివేయటం మన దేశపు ప్రమాణాలలో ఉన్న పద్ధతి. ద్వారం అంచులకు చేసే పనికి అది సరిపోతుందని దాని భావం. ఈ సంగతి ముందుగా మాట్లాడుకొంటే చివరి రోజున టేపు పట్టుకొని తగవులాడనక్కరలేదు.

సరుకు ఎంత పడుతుందో ఉజ్జాయింపుగా తెలిసి ఉండటం మేలు. ఒక పాలు సిమెంటు, ఆరు పాళ్ళు ఇసుక కలిపి పన్నెండు మిల్లీమీటర్ల మందాన గోడకు ప్లాస్టరింగు చేస్తే, వంద చదరపు అడుగులకు యాభై కిలోల బస్తా ఒకటి లెక్కకు చాలు. సాధారణంగా కొంత మిగులుతుంది కూడా. గోడ వంకరగా ఉన్నా, మందం పెంచినా ఎక్కువ పడుతుంది. అయినా మూడువందల చదరపు అడుగులకు పది బస్తాలు అయినవంటే ఎందుకని అడిగే హక్కు మనకున్నది.

డబ్బు ఇవ్వటంలో ఒక్కటే సూత్రం. చేసిన పనికంటె ఇచ్చిన డబ్బు ఏనాడూ ఎక్కువ కాకూడదు. బయానా మొదటి వారం సరుకుకూ, కూలీకీ సరిపోతే చాలు. తరువాత చెక్కటం ముగిసినప్పుడు కొంత, పూత ముగిసినప్పుడు కొంత ఇచ్చి, చివరి పదవ వంతు పని అంతా చూసుకొన్న తరువాత ఇవ్వవలెను. నేను ఎనభై ఐదు వేలలో నలభై వేలు ముందే ఇచ్చి నా చేయి నేనే కట్టివేసుకొన్నాను. బ్యాంకు ద్వారా గాని, ఫోను ద్వారా గాని చెల్లిస్తే తారీఖుతో సహా దాఖలా మిగులుతుంది. నగదు ఇస్తే నోటు పుస్తకంలో సంతకం తీసుకోవలెను.

ఇంత జాగ్రత్త పడినా మధ్యలో ధర పెంచమన్నారనుకొందాము. వెంటనే సరేననవద్దు, వెంటనే కాదనవద్దు. “ఏ పనికి, ముందెంత, ఇప్పుడెంత, ఎందుకు” అన్న నాలుగు ప్రశ్నలకు వ్రాసి ఇమ్మనండి. వ్రాయటం రాకపోతే ఆయన చెప్పగా మీరే వ్రాయండి. సగం పెంపులు ఈ నాలుగు ప్రశ్నల దగ్గరే ఆగిపోతవి. నిలిచినవాటిని చూసి, కొలిచి, దుకాణం రసీదుతో సరిపోల్చండి. సంబంధం లేని మరొక మేస్త్రికి ఒక పూట కూలీ ఇచ్చి చూపించినా నష్టం లేదు. ఒప్పుకొన్నంత మేరకు పుటలో చేర్చి ఇద్దరూ సంతకాలు చేయండి. ఒప్పందం మారాలంటే రెండు పక్షాలూ ఒప్పుకోవలెనని 62వ సెక్షను చెబుతుంది. ఒక్కరే మార్చటానికి వీలులేదు. ఫోనులో పంపుకొన్న సందేశాలు కూడా సాక్ష్యానికి పనికివస్తవి, కాబట్టి తుడిచివేయవద్దు.

పెంచకపోతే పని మానివేస్తానని వెళ్ళిపోతే? ముందు ప్రాణరక్షణ చూసుకోవలెను. చెక్కిన కప్పు క్రింద మనుషులను పడుకోనీయరాదు, అవసరమైతే గుంజలు నిలపవలెను. తరువాత జరిగిన పనిని కొలిచి, ఫొటోలు తీసి, ఇన్ని రోజులలో వచ్చి పూర్తి చేయవలసినదని వ్రాతపూర్వకంగా తెలియజేయవలెను. అప్పటికీ రాకపోతే మరొకరిచేత న్యాయమైన ధరకే పూర్తి చేయించి, రసీదులు దాచవలెను. ఒప్పందం మీరినవారి నుంచి దానివల్ల సహజంగా కలిగిన నష్టాన్ని రాబట్టుకొనే హక్కు 73వ సెక్షను ఇస్తుంది. అయితే నష్టాన్ని తగ్గించుకొనే మార్గం ఉండి కూడా మనం ఊరకున్నామా అన్నదీ చూస్తారు. కాబట్టి కోపంతో కప్పును వానకు వదలివేసి, ఆ నష్టం కూడా మేస్త్రి మీద వేయటం కుదరదు.

కొందరు చివరి బిల్లులో జీఎస్టీ అని అదనంగా కలుపుతారు. ఆ పన్నుకు నమోదు కానివారు దానిని వసూలు చేయరాదు. నమోదు అయినవారి బిల్లు మీద పదిహేను అక్షరాల సంఖ్య ఉంటుంది. అది లేని కాగితం మీద పన్ను అడిగితే ఇవ్వనక్కరలేదు.

మాటలతో తెగనప్పుడు 1915 అనే జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్యకు ఫోను చేయవచ్చును; తెలుగులో కూడా మాట్లాడవచ్చును. ఆ పైన జిల్లా వినియోగదారుల కమిషను ఉన్నది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులైలో అమలులోకి వచ్చిన తరువాత, మనం నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేసుకోవచ్చును. చెల్లించిన ప్రతిఫలం అయిదు లక్షల లోపైతే రుసుము లేదు. వివాదం పుట్టిన నాటి నుంచి రెండేళ్ళలోగా ఫిర్యాదు చేయవలెను. ఒక్క భేదం గమనించవలెను. గుత్తకు తీసుకొని స్వంత బాధ్యత మీద పని చేసిపెట్టటం సేవ. మనమే ప్రక్కన నిలబడి, ఇట్లా చేయి, అట్లా చేయి అని రోజు కూలీకి చేయించుకొంటే అది వ్యక్తిగతమైన కొలువుగా లెక్కకు వచ్చి, ఈ చట్టం పరిధిలోకి రాకపోవచ్చును. ఈ రెండింటిలో ఏది చేస్తున్నామో ముందే తెలుసుకొని చేయవలెను.

మా ఇంటి కథ ముగించలేదు. మేస్త్రి అనుకొన్న పదివేలతో పని పూర్తి చేసినాడు. తొలకరి నాటికి కప్పు సిద్ధమైనది. మరుసటి ఏడు పిట్టగోడకు పగుళ్ళు వస్తే మళ్ళీ ఆయననే పిలిచినాను. వచ్చి గోడ అంతా తట్టి చూసి, టేపు తీసి కొలిచి, “సార్, మొదట నోటు పుస్తకం తీసుకురండి” అన్నాడు.